అసౌకర్యానికి చింతిస్తున్నాం

జూన్ 4

అక్కా,

క్షేమంగా చేరాను. ముందు ఈ ఒక్క మాట చదివి, కుర్చీలో కూర్చుని, మిగతాది తరవాత చదువు. నువ్వు గుమ్మంలో నిలబడే చదువుతావని నాకు తెలుసు.

దారిలో జీపులో ఇన్‌స్పెక్టరు కాస్త మెత్తబడి, "అసలు నువ్వేం చేశావమ్మా?" అని అడిగాడు. చెప్పాను. ఎన్నికలు పెట్టమని అడగడానికి వెళ్లిన పిల్లల్ని ఆ రోజు మా ఆసుపత్రికి తెచ్చారు. వాళ్ల ఒళ్లు కడిగిన నర్సుని నేను. తూటాలు వీపుల్లో దిగాయి, అంటే పారిపోతున్నవాళ్లని కాల్చారు. కోర్టు అడిగితే చూసింది చెప్పాను. తరవాత ఆ పిల్లల తల్లులతో కలిసి విచారణ కోసం, ఎన్నికల కోసం ఊరూరా తిరిగాను. అంతే. ఆయన, "నీకెవరూ లేరా?" అన్నాడు. "అక్క ఉంది. రైల్వే స్టేషన్లో బండ్ల రాకపోకలు చెప్పే గొంతు ఆవిడదే" అన్నాను. "ఆ గొంతా!" అని నాకేసి కొత్తగా చూశాడు. నాకంటే నీకే పేరుంది.

ఊరు చిన్నది. ఒక పెద్ద వీధి, దాని చివర పోలీసు ఠాణా. ఊరి పొలిమేర దాటకూడదు. రోజూ పొద్దున్నే ఠాణాకి వెళ్లి ముఖం చూపించి రావాలి. నలుగురు గుమిగూడిన చోట నిలబడకూడదు. ఈ చివరి దాని గురించి వాళ్లు బెంగపడక్కర్లేదు, నేను నిలబడితే ఆ నలుగురూ అక్కడ ఉండడం లేదు. కొట్టువాడు నేను అడిగినవి పొట్లం కట్టి బల్ల మీద జరుపుతాడు. ధర వేలితో రాసి చూపిస్తాడు. నాతో మాట్లాడొద్దని ఊళ్లో అందరికీ చెప్పారట.

గది గొడుగులు బాగుచేసే కొట్టు పైన. కొట్టు మూసి ఉంది, వానలు మొదలైతేగాని తెరవరట. ఎదురుగా బల్ల మీద ఒక కానిస్టేబుల్ కూర్చుని నన్ను కనిపెడుతుంటాడు. పెదవి విప్పడు. నేను తాళంకప్ప అని పేరు పెట్టాను.

మాటలు లేక నా గొంతు తుప్పు పట్టేట్టుంది. నిన్న కిటికీ దగ్గర నిలబడి నన్ను నేనే పేరు పెట్టి పిలుచుకున్నాను. నువ్వు పిలిచినట్టే ఉండి జడుసుకుని వెనక్కి తిరిగి చూశాను. గుర్తుందా, నాకు సెలవు కావాలన్నప్పుడల్లా నువ్వు మేట్రన్‌కి ఫోన్ చేసి, "మేడమ్, నేనేనండీ, జ్వరం" అని నా బదులు మూలిగేదానివి? ఆవిడ చచ్చినా కనిపెట్టలేదు. అమ్మకి కూడా ఫోన్లో, "ఎవరివే నువ్వు?" అని అడిగితేగాని తెలిసేది కాదు.

ఆ తల్లుల్ని చూస్తూ ఉండు. వాళ్లలో కుట్టుమిషనామె కళ్లకి మందు వేయించు.

నీ సూది

జూన్ 19

ఒసేయ్ సూదీ,

ముందుగా ఈ ఉత్తరాన్ని నీకన్నా ముందు చదివే బాబుగారికి నమస్కారం. అయ్యా, ఇందులో ఏమీ లేదు, ఒక ఒంటరి ఆడమనిషి సోది. టీ తాగుతూ చదువుకోండి. మా చెల్లెలి ఉత్తరంలో జీపు సంగతి దగ్గర నల్ల సిరా పోశారు. పాపం, దండగ. ఏం రాసి ఉంటుందో నాకు తెలుసు, కోర్టులో నా చెవులతో నేనే విన్నాను.

నువ్వన్నట్టే గుమ్మంలో నిలబడే చదివాను. తరవాత కూర్చున్నాను.

నా సంగతులు ఏముంటాయే? అద్దాల గది, మైకు, కింద ప్లాట్‌ఫారం. నిన్న ఒక బండి ఎంత ఆలస్యమయిందంటే, చెప్పడానికి నాకే సిగ్గేసింది. "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని అన్నదే అనీ అన్నదే అనీ నోరు నొప్పెట్టింది. కింద ఒక పెద్దాయన తలెత్తి, "నువ్వేం చింతిస్తున్నావమ్మా, హాయిగా ఫ్యాను కింద కూర్చుని!" అని అరిచాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం ఆ మాట వదల్లేదు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి చింతిస్తున్నాం అంటూనే ఉన్నాను, ఒక్కసారైనా నిజంగా చింతించానా అని.

ఇంట్లో అలవాటుగా రెండు గ్లాసుల్లో టీ పోస్తున్నాను. రెండోది చల్లారాక నేనే తాగుతున్నాను. నీ మంచం మీద దుప్పటి మార్చలేదు. పక్కింటావిడ నన్ను చూసి తలుపేసుకుంటోంది. నీకక్కడ ఎవరూ మాట్లాడరని ఏడుస్తున్నావుగానీ, ఇక్కడ మాత్రం నాతో ఎవరు మాట్లాడుతున్నారు? నేను మాట్లాడితే ఊరంతా వింటుంది, జవాబు చెప్పేవాళ్లు ఒక్కరూ లేరు.

కుట్టుమిషనామె ఒక్కతే వస్తోంది. ప్లాట్‌ఫారం చివర గుడ్డ సంచులు అమ్ముకుంటూ, నా పని అయ్యేదాకా ఉండి, "చెల్లెమ్మ రాసిందా?" అని అడుగుతుంది. కంటి మందు వేయించాను.

ఇంకొకాయన కూడా వచ్చాడు. తెల్ల చొక్కా, ఇస్త్రీ నలగలేదు. గవర్నమెంటు మనిషి. "మీ గొంతు అచ్చం మీ చెల్లెలిగారి గొంతేనటండీ!" అన్నాడు. నాకు కొంచెం మురిపెంగానే ఉంది. నీ గురించి బాగా మాట్లాడాడు. నువ్వు ఆ తాళంకప్ప గురించి రాసినంత కూడా నా గురించి అడగలేదు, గమనించావా?

నీ మైకు

జూలై 11

అక్కా,

నీ గురించి అడగలేదని అలిగావు. నీ గురించి అడిగితే ఇంటికి రావాలనిపిస్తుంది, అందుకని అడగలేదు.

వానలు మొదలయ్యాయి. కింద కొట్టు తెరిచారు. గొడుగులాయన నాతో మాట్లాడడుగానీ, నేను పైన నడుస్తుంటే గొడుగు కర్రతో కిందనుంచి కప్పుని ఒకసారి పొడుస్తాడు. అడుగుల చప్పుడుకి విసుక్కుంటున్నాడేమోనని మొదట చెప్పులు విప్పి నడిచాను. అప్పుడు ఇంకా గట్టిగా పొడిచాడు. ఇప్పుడు అర్థమయింది, బతికే ఉన్నావా అని అడుగుతున్నాడు. నేను మడమతో ఒకసారి కొడతాను. రోజుకి నాకున్న సంభాషణ అదే.

మొన్న ఒకామె వేడినీళ్లు పడిన పిల్లని ఎత్తుకుని మెట్లెక్కి వచ్చింది. కడిగి, కట్టు కట్టాను. పిల్ల నా మెడ పట్టుకుని వదల్లేదు. ఎంత హాయిగా ఉందో, ఒక మనిషి ఒంటి వెచ్చదనం. మర్నాడు ఆ తల్లిని ఠాణాకి పిలిచి చీవాట్లు పెట్టారు. ఇప్పుడు ఆమె నన్ను చూస్తే వీధి అవతలి వైపుకి పోతోంది. ఆ కట్టు మార్చారో లేదో తెలియదు.

నీ తెల్ల చొక్కా ఆయన ఇక్కడికీ వచ్చాడు. కుర్చీ వేసి కూర్చోబెట్టాను. కోర్టులో చెప్పింది అబద్ధమని నా గొంతుతో ఒక్క ముక్క చెబితే చాలు, ఆ సాయంత్రమే ఇంటికి పంపిస్తానన్నాడు. కుర్చీ వెనక్కి జరిపి తలుపు చూపించాను. అక్కా, ఆయనకి దూరంగా ఉండు. మన గొంతులు ఒకటేనని ఆయనకి చెప్పింది ఎవరో నాకు తెలుసు. జీపులో నీ గురించి నేనే నోరు జారాను.

ఒక్కటి దాచకుండా చెబుతాను. నాకు ఇంటికి రావాలని ఉంది. చాలా ఉంది. నీ టీ తాగాలని, నీ సోది వినాలని, ఎవరైనా నన్ను పేరు పెట్టి పిలిస్తే పలకాలని ఉంది. వానాకాలం గడిచేలోపు నేను మాట్లాడడం మరిచిపోతానేమోనని భయంగా ఉంది.

నీ సూది

జూలై 30

బంగారుతల్లీ,

నీ ఉత్తరంలో పిల్ల సంగతి తరవాత ఒక పేరా అంతా నలుపే. "ఒక్కటి దాచకుండా చెబుతాను" నుంచి మాత్రం చక్కగా ఉంది. నోట్లో నాలుక లేనిదానిలా పెరిగి, కోర్టులో అంత గట్టిగా నిలబడిన పిల్లవి. అలాంటిదానివి భయంగా ఉందని రాశావంటే అక్కడ ఎలా ఉన్నావో నేను ఊహించుకోలేనా?

ఇక భయపడకు. నేనొక పని చేశాను. నీకు సెలవు కావాల్సినప్పుడు మేట్రన్‌కి ఫోన్ చేసేదాన్ని కదా, ఇంకోసారి చేశాను. అంతకన్నా ఇప్పుడు అడగకు. జ్వరం అని చెబితే నీకు జ్వరం వచ్చేసిందా? సెలవు వచ్చింది, నువ్వు హాయిగా పడుకున్నావు. ఎవరికీ నష్టం లేదు. ఇదీ అంతే. పైగా ఆ డబ్బాలో చెప్పేవి ఈ దేశంలో ఎవరు నమ్ముతున్నారు గనక!

నీ దుప్పటి ఉతికి ఆరేశాను. వాన కదా, ఇంకా ఆరలేదు. నువ్వొచ్చేలోపు ఆరుతుంది.

నీ మైకు

ఆగస్టు 9

అక్కా,

నీ గొంతు విన్నాను.

నీ ఉత్తరం వచ్చిన రోజు, ఎవరో అధికారికి నా గురించి ఫోన్లో బతిమాలి ఉంటావని అనుకున్నాను. కాస్త కోపం వచ్చింది, కాస్త నవ్వూ వచ్చింది. నిన్న సాయంత్రం తాళంకప్ప తన రేడియో తెచ్చి నా కిటికీ గట్టు మీద పెట్టి, చెవి మెలితిప్పి, తల వంచుకుని వెళ్లిపోయాడు. అందులో నేను మాట్లాడుతున్నాను. నా పేరు చెప్పి, నా ఉద్యోగం చెప్పి, "నేను కోర్టులో చెప్పింది నిజం కాదు, ఆ గాయాలు వీపుల మీద లేవు, కొందరి మాటలు విని దేశాన్ని తప్పుదారి పట్టించాను, క్షమించండి" అంటున్నాను. ఒక క్షణం నేనెప్పుడు అన్నానా అని నాకే అనుమానం వచ్చింది. అప్పుడు "ప్రజలకు" అనేముందు సగం ఊపిరి తీసుకోవడం వినిపించింది. బండి నంబరు చెప్పేముందు నువ్వు తీసుకునే ఊపిరి అది.

ఎంత పని చేశావక్కా! అది జ్వరం కాదు. ఆ వీపులు నేను కడిగాను. కుట్టుమిషనామె కొడుకు చొక్కా వీపుకి అంటుకుపోతే కత్తిరించి తీశాను. వాడు పారిపోతున్నాడు, వాడి చేతిలో ఏమీ లేదు అని చెప్పడానికి ఆ తల్లికి ఈ లోకంలో ఉన్నది నా మాట ఒక్కటే. దాన్ని నువ్వు తుడిచేశావు.

ఇంకా సిగ్గుపడాల్సింది ఒకటుంది. ఇన్నాళ్ల తరవాత నిన్ను వింటే కళ్లనీళ్లు ఆగలేదు. ఒళ్లు మండిపోతూనే, అయిపోయాక మళ్లీ వేస్తారేమోనని రేడియో దగ్గరే కూర్చున్నాను. ఇంటికి రావాలని నాకెంత ఉందో నీకు తెలుసు. ఇలా వచ్చి ఏ ముఖంతో మన వీధిలో నడవను? వెళ్లి ఆ మాట అన్నది నువ్వేనని చెబుతావా, చెప్పవా?

చెప్పకు. చెబితే నిన్ను తీసుకుపోతారు. ఏం చెయ్యాలో నాకు తెలియడం లేదు.

సూది

ఆగస్టు 24

నా తల్లే,

నీ ఉత్తరం వచ్చింది. మొత్తం నలుపు. బాబుగారు సీసా బోర్లించినట్టున్నారు. దీపానికి అడ్డంపెట్టి తిప్పి తిప్పి చూశాను. మిగిలినవి నాలుగు ముక్కలు. "నీ గొంతు విన్నాను." "ఇన్నాళ్ల తరవాత నిన్ను వింటే కళ్లనీళ్లు ఆగలేదు." "రేడియో దగ్గరే కూర్చున్నాను." "ఇంటికి రావాలని నాకెంత ఉందో నీకు తెలుసు."

చాలే, పిచ్చిదానా. ఆ నాలుగూ చాలు. కోప్పడతావేమోనని ఇన్నాళ్లూ నాకు నిద్ర లేదు. నువ్వు విని ఏడ్చావంటే నా ప్రాణం లేచొచ్చింది. విడుదల కాగితం ఈ నెలాఖరుకి నీకు అందుతుందని తెల్ల చొక్కా ఆయన చెప్పాడు. సంతకం పెట్టేసి బండెక్కు. నువ్వు దిగే బండి రాకని నేనే చెబుతాను. నీ పెట్టె మొయ్యడానికి పోర్టరుతో కూడా మాట్లాడి పెట్టాను.

దుప్పటి ఆరింది.

కుట్టుమిషనామె ఈమధ్య రావడం లేదు. సంచులు అవతలి ప్లాట్‌ఫారం మీద అమ్ముకుంటోంది. పిలిస్తే వినిపించనట్టు పోయింది. మిగతా తల్లులు కూడా కోర్టు మెట్ల మీద కూర్చోవడం మానేశారట, వానల వల్ల కాబోలు. నువ్వొచ్చాక అందరికీ నిదానంగా చెప్పుకోవచ్చు. బలవంతాన చెప్పించారని వాళ్లకి మాత్రం తెలియదా ఏంటి?

ఆఫీసులో అందరూ నాతో మళ్లీ మాట్లాడుతున్నారు. పక్కింటావిడ తలుపు తీసింది. ఎందుకో నాకు మాత్రం వాళ్లతో ఏమీ మాట్లాడబుద్ధి కావడం లేదు.

త్వరగా రా.

నీ మైకు

సెప్టెంబర్ 6

అక్కా,

ఇది మధ్యలో ఎవరూ చదవని ఉత్తరం. తాళంకప్ప సెలవు మీద మన ఊరి మీదుగా వెళ్తున్నాడు. నేను అడగలేదు. పొద్దున్న ఠాణా దగ్గర, "మా ఆవిడ ఊరు అటే. ఏమైనా ఇచ్చేదుంటే ఇవ్వండి" అన్నాడు. ఇన్నాళ్లలో అతను నాతో అన్న మొదటి మాట అది. గొంతు సన్నగా, చదువుకునే కుర్రాడిలా ఉంది. నేను ఇంకోలా ఊహించుకున్నాను.

నీకు మిగిల్చిన ఆ నాలుగు ముక్కలూ నేను రాసినవే. కానీ నేను రాసింది అది కాదు. బాబుగారు నా కోపమంతా తీసేసి, కన్నీళ్లు మాత్రం నీకు పంపాడు. అక్కా, నువ్వు చేసింది నాకు ఇష్టం లేదు. ఇంతకన్నా మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. కుట్టుమిషనామె వానకి మానెయ్యలేదు. నేను అబద్ధమాడానని నమ్మి మానేసింది. ఆమె కొడుకు ఎదురు తిరగబోయి చచ్చాడని ఇప్పుడు ఊరంతా అంటారు, నర్సే ఒప్పుకుంది కదా అని.

విడుదల కాగితం వచ్చింది. రేడియోలో చెప్పిన మాటలు నావేనని అడుగున సంతకం పెట్టాలి. పెట్టను. ఆ మాటలు నావి కావని బయటికి చెప్పనూ చెప్పను. చెబితే మరి ఎవరివి అంటారు, నీ దగ్గరికి వస్తారు. కాబట్టి నోరు మూసుకుని ఇక్కడే ఉంటాను. నాకోసం పోర్టరుతో మాట్లాడి పెట్టావన్న చోటే మళ్లీ మళ్లీ చదివాను.

నిన్ను తిట్టాలని చాలాసార్లు కాగితం తీశాను. రాస్తుంటే నువ్వు రెండో గ్లాసు టీ చల్లారాక తాగడం కళ్ల ముందుకొస్తుంది. నన్ను ఇంటికి రప్పించుకోవాలని చేశావు. ఆ ఆశ పెట్టింది నేనే, భయమేస్తోందని రాసి. నీ మీద కోపం పోలేదు. పోయేదాకా ఆగి రాద్దామంటే అంతవరకూ ఉండలేను.

నువ్వేం చెయ్యకు. నా మాట ఒక్కసారి విను. నువ్వు బయట ఉంటేనే నాకు ఇల్లు అనేది ఉంటుంది.

సూది

సెప్టెంబర్ 13

సూదీ,

నీ తాళంకప్ప కింద ప్లాట్‌ఫారం మీద తిరుగు బండి కోసం చూస్తున్నాడు. చేతిలో సంచీ పెట్టుకుని బిక్కుబిక్కుమంటూ ఉన్నాడు, తాళంకప్ప అని ఎందుకన్నావో తెలియదు. ఈ కాగితం అతనికి ఇచ్చి మెట్లెక్కుతాను. పొడుగ్గా రాసే టైము లేదు.

నీ ఉత్తరం చదివాను. కూర్చునే చదివాను.

అది అందకముందే కుట్టుమిషనామె నా దగ్గరికి వచ్చింది. మెట్లెక్కి, ఆయాసపడుతూ అద్దాల గదిలోకి వచ్చి నిలబడింది. తిడుతుందేమో, తిడితే బాగుండు అనుకున్నాను. "అమ్మా, ఒక్కటడుగుతాను. మా వాడి ఒళ్లు కడిగింది ఆమే కదా. మరి కడిగేటప్పుడు చూడలేదా?" అంది. "రేడియోలో చెప్పేవి ఎవరైనా నమ్ముతారా అమ్మా?" అన్నాను. "రేడియోని నేనెప్పుడు నమ్మాను? ఆ గొంతుని నమ్మాను. కోర్టులో మా వాడి గురించి చెప్పింది ఆ గొంతే కదా" అంది. ఇంకేమీ అనకుండా కళ్లు తుడుచుకుని, ఒక గుడ్డ సంచి నా బల్ల మీద పెట్టింది. "ఆమె వచ్చాక ఇవ్వు. ముందే కుట్టి పెట్టాను, ఏం చేసుకోను" అని మెట్లు దిగిపోయింది.

ఆమెకి అప్పుడే చెప్పేయాల్సింది, ఆ గొంతు నాదని. ఊరంతటికీ వినబడేలా మాట్లాడేదాన్ని, ఒక్క మనిషికి చెప్పలేకపోయాను. నాకు ఎదురుగా మనుషులుంటే రాదే, మైకు ఉంటేనే వస్తుంది. అందుకే మైకు దగ్గరికే వెళ్తున్నాను.

నువ్వు వద్దన్నావు. చిన్నప్పటి నుంచి నీ మాట ఎప్పుడు విన్నాను గనక! ఇల్లు తాళం వేసి తాళంచెవి పక్కింటావిడకి ఇచ్చాను. దుప్పటి మడత పెట్టి నీ మంచం మీద ఉంచాను. సంచి తాళంకప్పతో పంపుతున్నాను.

ఇప్పుడు చూడు, మెట్లు ఇంకా ఎక్కనేలేదు, బండి నంబరు చెప్పేముందులా అప్పుడే సగం ఊపిరి.

నీ అక్క

నవంబర్ 2

అక్కా,

నిన్ను ఏ జైల్లో పెట్టారో తెలియడానికి ఇన్నాళ్లు పట్టింది. అక్కడ ముందుగా చదివే బాబుగారికి నీ తరఫున నేను నమస్కారం పెడుతున్నాను. అయ్యా, ఇందులో రాయబోయేది స్టేషన్లో ఉన్న జనమంతా విన్నదే. సిరా దండగ.

తాళంకప్ప వచ్చిన రోజు మెట్లెక్కి నా గది గుమ్మం దాకా వచ్చాడు, మొదటిసారి. నీ ఉత్తరం, సంచి నా చేతికిచ్చి నిలబడ్డాడు. నేను చదివేదాకా ఆగి, అంతా చెప్పాడు. ముందు మామూలుగానే ఒక బండి రాక చెప్పావట. తరవాత అదే గొంతుతో, తొణక్కుండా, "ప్రయాణికులకు విజ్ఞప్తి. ఆగస్టులో రేడియోలో మీరు విన్న క్షమాపణ నర్సుది కాదు. ఆమె అక్కనైన నాది. నా చెల్లెలు మాట మార్చలేదు. తూటాలు వీపుల్లోనే దిగాయి. పిల్లలు పారిపోతుంటే కాల్చారు. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాను" అన్నావట. చింతిస్తున్నాం అని కాదు, చింతిస్తున్నాను అని. తాళంకప్ప ఆ మాట నాకు రెండోసారి కూడా అలాగే చెప్పాడు.

ఏ ప్రకటనైనా మూడుసార్లు చెప్పడం మీ పద్ధతి కదా. తలుపు గొళ్లెం పెట్టి, బయట బాదుతుంటే, మూడుసార్లూ చెప్పావట. మొదటిసారి జనం సామాన్లు మోసుకుంటూనే ఉన్నారట. రెండోసారికి ఆగారట. మూడోసారికి వచ్చిన బండి ఎవరూ ఎక్కలేదు, అతని బండి కూడా అదే, తప్పిపోయింది. స్పీకరు కింద సంచులు పట్టుకుని ఒక ముసలామె తలెత్తి నిలబడిందట. నిన్ను కిందికి దించుతుంటే ఆమె అడ్డం వచ్చి నీ చెయ్యి పట్టుకుందట. ఏమన్నదో అతనికి వినబడలేదు. నువ్వు రాయి, నాకు తెలియాలి.

కోర్టు మెట్ల మీద మళ్లీ కూర్చుంటున్నారని కొట్టువాడు పొట్లంతో పాటు చెప్పాడు. అవును, నోటితో చెప్పాడు, అటూ ఇటూ చూసి.

నా విడుదల కాగితం రద్దయింది. ఇక్కడి గడువు పెంచారు. మన ఉత్తరాలు మోసిన సంగతి బయటపడి తాళంకప్పని వేరే ఊరికి మార్చారు, వెళ్లేముందు చెప్పి వెళ్లడానికి కూడా లేకపోయింది. కొత్తగా వచ్చినవాడు బల్ల మీద నాకు వీపు పెట్టి కూర్చుంటాడు. వానలు తగ్గి గొడుగుల కొట్టు మూసేశారు. నేను మడమతో నేల మీద కొడితే కిందనుంచి జవాబు లేదు. అలవాటు పోక కొడుతూనే ఉన్నాను.

నువ్వు బయట ఉంటేనే నాకు ఇల్లు ఉంటుందని రాశాను. విన్నావు కాదు. ఇప్పుడు మనింట్లో ఎవరూ లేరు. అది తలుచుకుంటే ఏడుపొస్తుంది, ఆ మూడుసార్లు తలుచుకుంటే వీధిలో తలెత్తి నడవాలనిపిస్తుంది, రెండూ ఒకే పూట జరుగుతుంటాయి. నా కోపం పోయింది. ఎప్పుడు పోయిందో చూసుకోలేదు.

నిన్ను ఒంటరి గదిలో ఉంచారని, ఎవరితోనూ మాట్లాడనివ్వడం లేదని విన్నాను. ఆ బాధ నాకు తెలుసు కాబట్టి ఒక ఉపాయం చెబుతాను. నా గొంతు విని నేనే జడుసుకున్నానని మొదటి ఉత్తరంలో రాశాను, గుర్తుందా? ఇప్పుడు జడుసుకోవడం లేదు. సాయంత్రం తలుపు వేసుకుని నీ ఉత్తరాలు తీసి పైకి చదువుతాను. "ఒసేయ్ సూదీ" దగ్గర మొదలుపెడతాను. నువ్వు వచ్చి మంచం చివర కూర్చుని సోది చెబుతున్నట్టే ఉంటుంది, ఒక్క అక్షరం తేడా ఉండదు. చదవడం ఆపి, నవ్వొచ్చిన చోట నవ్వుకుంటాను.

నువ్వూ అక్కడ నా ఉత్తరం గట్టిగా చదువుకో. కూర్చుని చదువు. నేను పలుకుతాను.

నీ చెల్లెలు